ఇంట్లో తవ్వే గని: కంప్యూటర్ల గుంపుతో క్రిప్టో మైనింగ్ గిట్టుబాటవుతుందా?

(తృతీయ బి.ఎస్సీ. విద్యార్థి)

మైనింగ్ అనే మాట ఉమ్మడి కర్నూలు, కడప జిల్లాలవారికి కొత్తది కాదు. మంగంపేట ముగ్గురాయి, తుమ్మలపల్లె యురేనియం, బేతంచెర్ల నాపరాయి గురించి వినని వాళ్లు మన కళాశాలలో ఉండరు. అయితే గత కొన్నేళ్లుగా హాస్టళ్లలోనూ, టీ అంగళ్ల దగ్గరా మరొక మైనింగ్ గురించి మాటలు వినబడుతున్నాయి. దానికి గునపం అక్కర్లేదు, పార అక్కర్లేదు. ఒక గది, కొన్ని కంప్యూటర్లు, కరెంటు, ఇంటర్నెట్ ఉంటే చాలునట. "ఆఫీసులవాళ్లు పాత కంప్యూటర్లు తక్కువకే అమ్ముతారు. పది కొని ఒకదానికొకటి తగిలిస్తే నెలకు ఎంతొస్తుంది?" అని అడిగేవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. ఇద్దరు ముగ్గురు ఇంట్లో డబ్బు అడగడానికి కూడా సిద్ధపడ్డారు.

మన ఇళ్లలో డబ్బు అంటే బుడ్డలు అమ్మిన డబ్బు, లేదా బ్యాంకులో పెట్టిన బంగారం. కాబట్టి ఈ ప్రశ్నకు ఉబుసుపోక కబుర్లతో సమాధానం చెప్పకూడదు, లెక్కతో చెప్పాలి. ఈ మైనింగ్ అంటే ఏమిటి, కంప్యూటర్ల గుంపు ఎట్లా పని చేస్తుంది, మన ఊళ్లో మన కరెంటు రేటుకు అది గిట్టుబాటవుతుందా అనే మూడు విషయాలను వరుసగా చూద్దాం.

అందరి చేతిలో ఉన్న చిట్టా

2008 అక్టోబరు 31న సతోషి నకమోటో అనే పేరుతో ఎవరో ఒక తొమ్మిది పేజీల వ్యాసాన్ని ఇంటర్నెట్‌లో పెట్టారు. ఆ పేరు వెనుక ఉన్నది ఒక మనిషో, కొందరో నేటికీ తేలలేదు. బ్యాంకు ప్రమేయం లేకుండా ఒకరి నుంచి మరొకరికి డబ్బు పంపుకొనే పద్ధతి అందులో ఉంది. 2009 జనవరి 3న ఆ పద్ధతి ప్రకారం మొదటి లెక్కల కట్ట తయారైంది. దాని పేరే బిట్‌కాయిన్.

దీన్ని అర్థం చేసుకోవడానికి ఊళ్లో అప్పుల చిట్టాను తలుచుకుందాం. చిట్టా షావుకారు ఒక్కడి దగ్గరే ఉంటే, అతడు ఏది రాస్తే అదే లెక్క. రైతు కట్టిన వడ్డీని రాయకపోయినా అడిగే దిక్కుండదు. అదే చిట్టాకు నకళ్లు ఊళ్లో ప్రతి ఇంట్లోనూ ఉండి, ఎవరు ఎవరికి ఎంతిచ్చారో అన్ని నకళ్లలోనూ ఒకేసారి రాసుకుంటే? ఒక ఇంట్లో అంకె దిద్దినా మిగతా ఇళ్ల నకళ్లు దాన్ని పట్టిస్తాయి. బిట్‌కాయిన్‌లో జరిగేది ఇదే. ప్రపంచంలోని వేలాది కంప్యూటర్లలో ఒకే చిట్టా ఉంటుంది. అందులోని ఒక్కొక్క పేజీని బ్లాకు అంటారు. ప్రతి పేజీ మీదా దాని ముందు పేజీ గుర్తు ఉంటుంది కాబట్టి పేజీలన్నీ గొలుసులాగా ఉంటాయి.

ఇక్కడే ఒక చిక్కు వస్తుంది. కొత్త పేజీ రాసే అధికారం ఎవరిది? ఎవరు పడితే వాళ్లు రాస్తే దొంగ లెక్కలు చేరతాయి. ఒక్కరికే అప్పగిస్తే మళ్లీ షావుకారే. అందుకని నకమోటో ఒక పోటీ పెట్టాడు. కష్టమైన ఒక లెక్కను ఎవరు ముందుగా తేలుస్తారో వాళ్లే ఆ పేజీ రాస్తారు, వాళ్లకే బహుమానం. ఆ పోటీకే మైనింగ్ అని పేరు.

జొన్నగిరి చేలల్లో వజ్రాల వేట

ఆ లెక్క ఎలాంటిదో చూద్దాం. షా-256 అనే ఒక గణిత సూత్రం ఉంది. దానిలోకి ఏ రాత వేసినా 64 అంకెల గుర్తు ఒకటి బయటికి వస్తుంది. ఆ రాతకు అది వేలిముద్రలాంటిది. రాతలో ఒక్క అక్షరం మార్చినా వేలిముద్ర పూర్తిగా మారిపోతుంది. ఎట్లా మారుతుందో ముందుగా చెప్పడం ఎవరి తరమూ కాదు. వేలిముద్రను చూసి అసలు రాతను కనిపెట్టడమూ కుదరదు.

పోటీ నియమం ఏమిటంటే, పేజీలోని లెక్కలకు ఏదో ఒక సంఖ్య చేర్చి, వచ్చే వేలిముద్ర మొదట్లో ఫలానా అన్ని సున్నాలు ఉండేట్టు చూడాలి. ఏ సంఖ్య చేరిస్తే అట్లా వస్తుందో తెలుసుకొనే దగ్గరిదారి లేదు. ఒకటి వేసి చూడాలి, కాకపోతే ఇంకొకటి. ఇప్పుడు దాదాపు 19 సున్నాలు రావాల్సి ఉంటుంది. అంత అరుదైన గుర్తు దొరికే లోపల ప్రపంచంలోని యంత్రాలన్నీ కలిసి చేసే ప్రయత్నాలు 6 పక్కన 23 సున్నాలు పెట్టినన్ని.

మన ప్రాంతంలో దీనికి సరైన పోలిక ఉంది. తొలకరి పడగానే తుగ్గలి, జొన్నగిరి, పగిడిరాయి చేలల్లోకి జనం వజ్రాల కోసం వస్తారు. చద్దిమూట కట్టుకొని, తల వంచుకొని, ఒక్కొక్క రాయినీ ఏరి చూస్తారు. నిన్నంతా వెతికాను గనుక ఈరోజు దొరికి తీరుతుందని ఎవరూ అనలేరు. చదువుకున్నవాడికి ఎక్కువ, చదువులేనివాడికి తక్కువ అని కూడా లేదు. ఎన్ని రాళ్లు తిరగేస్తే అంత అవకాశం, అంతే. బిట్‌కాయిన్ మైనింగ్‌లో తెలివికి ఉన్న చోటు కూడా ఇంతే. యంత్రం సెకనుకు ఎన్ని రాళ్లు తిరగేస్తుందన్నదే లెక్క.

మొదట్లో ఒక పేజీకి బహుమానం 50 బిట్‌కాయిన్లు. ప్రతి 2,10,000 పేజీలకు, అంటే సుమారు నాలుగేళ్లకొకసారి, అది సగానికి తగ్గుతుంది. 2012లో 25, 2016లో 12.5, 2020లో 6.25, 2024 ఏప్రిల్‌లో 3.125 అయింది. మొత్తం మీద 2 కోట్ల 10 లక్షలకు మించి పుట్టవు.

బోరు మీద బోరు

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. చాలామంది ఇక్కడే పొరపడుతున్నారు.

వేరుశనగ ఎక్కువ ఎకరాల్లో వేస్తే ఎక్కువ మూటలు వస్తాయి. బట్టల మిల్లులో మగ్గాలు పెంచితే ఎక్కువ బట్ట వస్తుంది. బిట్‌కాయిన్‌లో అట్లా కాదు. ప్రపంచమంతటా యంత్రాలు పదింతలైనా పుట్టే నాణేలు పెరగవు. సగటున పది నిమిషాలకు ఒక పేజీ, రోజుకు 144 పేజీలు, 450 నాణేలు. అంతే. దీన్ని కాపాడటానికి ఒక నియమం ఉంది. ప్రతి 2,016 పేజీలకు, అంటే సుమారు రెండు వారాలకొకసారి, లెక్క కష్టాన్ని యంత్రాల బలానికి తగ్గట్టు సవరిస్తారు. యంత్రాలు ఎక్కువైతే లెక్క కఠినమవుతుంది, తక్కువైతే సులువవుతుంది. ఇది ఎవరో కూర్చొని చేసే పని కాదు, ప్రోగ్రాములోనే ఉంది.

రాయలసీమ రైతుబిడ్డకు ఇది అర్థం కావడానికి పుస్తకం అక్కర్లేదు. మా చేను పక్క చేనులో 200 అడుగులకు నీళ్లు పడ్డాయని మనం 300 అడుగులు వేస్తాం. మన బోరులో నీళ్లు చూసి పక్కాయన 500 అడుగులు దింపుతాడు. అరచేతిలో టెంకాయ పెట్టుకొని పాయింటు చూపినాయనకు ఇద్దరూ దక్షిణ ఇస్తారు. భూమిలోకి వానతో దిగిన నీరు మాత్రం ఆ సంవత్సరానికి ఎంతో అంతే. నాలుగేళ్లు పోయేసరికి అందరి బోర్లూ లోతు, అందరి అప్పులూ లోతు, నీళ్లు మాత్రం ముందరి కంటే తక్కువ. ఈ పోటీని అదుపు చేయడానికే 2002లో మన రాష్ట్రం వాల్టా చట్టం తెచ్చి, బోరుకు అనుమతి, బోరుకూ బోరుకూ మధ్య దూరం ఉండాలంది. బిట్‌కాయిన్‌లో దూరం కొలిచే అధికారి లేడు. ఎవరైనా ఎంత లోతుకైనా దింపవచ్చు.

ఒక్క తేడా ఉంది. బోర్లు ఆపినంత మాత్రాన భూగర్భజలం వెంటనే పైకి రాదు. బిట్‌కాయిన్‌లో కొందరు తప్పుకుంటే కొన్ని రోజుల్లోనే మిగిలినవారికి సులువవుతుంది. 2021లో చైనా ప్రభుత్వం మైనింగ్‌ను నిషేధించినప్పుడు ఇదే జరిగింది. అక్కడి యంత్రాలు ఆగిపోగా ఆ జులై 3న లెక్క కష్టం ఒక్కసారిగా 28 శాతం పడిపోయింది. కాని ఆ సులువు ఎక్కువ కాలం నిలవలేదు. మిగిలిన దేశాలవారు యంత్రాలు పెంచారు, లెక్క మళ్లీ కఠినమైంది.

మడక నుంచి ట్రాక్టరు దాకా

2009లో మామూలు ఇంటి కంప్యూటరుతోనే నాణేలు తవ్వగలిగేవారు. 2010 మే 22న అమెరికాలో లాస్లో హనెట్జ్ అనే ఆయన 10,000 బిట్‌కాయిన్లు ఇచ్చి రెండు పిజ్జాలు తెప్పించుకున్నాడు. అప్పట్లో వాటి విలువ అంతే మరి. వీడియో ఆటల కోసం చేసిన గ్రాఫిక్స్ కార్డులతో మైనింగ్ చేయవచ్చని తొలిగా చూపినవారిలో ఆయన ఒకడు. కంప్యూటరు మెదడు రకరకాల పనులు ఒకదాని తర్వాత ఒకటిగా చేస్తుంది. గ్రాఫిక్స్ కార్డు ఒకే రకం చిన్న లెక్కను వందలాది చోట్ల ఒకేసారి చేస్తుంది. మైనింగ్‌కు కావలసింది రెండోదే.

2013లో మరో మెట్టు. షా-256 తప్ప ఇంకే పనీ రాని చిప్పులు వచ్చాయి. వీటిని ఏసిక్ యంత్రాలంటారు. వీటిలో పాట వినలేం, ఉత్తరం రాసుకోలేం. తవ్వడం ఒక్కటే వాటికి తెలుసు. ఆ ఒక్క పనిలో మాత్రం కంప్యూటర్లను గాలికి ఎగరగొట్టేశాయి. మడకతో దున్నేవాడి పక్కన ట్రాక్టరు వచ్చి నిలబడ్డట్టయింది.

గ్రాఫిక్స్ కార్డులకు అప్పటికి ఇంకొక ఆధారం మిగిలింది. ఈథరియం అనే మరొక క్రిప్టో నాణేన్ని వాటితో తవ్వవచ్చు. 2021లో మన దేశంలోనూ గ్రాఫిక్స్ కార్డులు దొరక్కుండా పోవడానికి అదొక కారణం. అయితే 2022 సెప్టెంబరు 15న ఈథరియం తన పద్ధతినే మార్చుకొని మైనింగ్‌ను పూర్తిగా వదిలేసింది. దాని కరెంటు ఖర్చు 99 శాతానికి పైగా తగ్గిపోయింది. కొన్ని వేల ఇళ్లలో అప్పటిదాకా తిరిగిన ఫ్యాన్లు ఒక్క రోజులో ఆగాయి. అప్పు చేసి కార్డులు కొన్నవాళ్లకు కార్డులు మిగిలాయి, అప్పూ మిగిలింది.

గుంపు కట్టే విధానం

ఇక కంప్యూటర్ల గుంపు సంగతి. దీన్ని క్లస్టర్ అంటారు. మామూలు కంప్యూటర్లను కలిపి పెద్ద గణక యంత్రంలా వాడుకోవచ్చని 1994లో అమెరికా అంతరిక్ష సంస్థ నాసాకు చెందిన గొడ్దార్డ్ కేంద్రంలో థామస్ స్టెర్లింగ్, డొనాల్డ్ బెకర్ చేసి చూపారు. బజారులో దొరికే 16 కంప్యూటర్లను తీగలతో కలిపి, దానికి బేవుల్ఫ్ అని పేరు పెట్టారు. మన దేశంలో అంతకు మూడేళ్ల ముందే, 1991లో, పూణేలోని సి-డాక్ సంస్థ విజయ్ భట్కర్ నాయకత్వంలో అనేక ప్రాసెసర్లను కలిపి పరమ్ 8000 అనే సూపర్ కంప్యూటరును తయారు చేసింది. ఒక పెద్ద ఏనుగు దొరకనప్పుడు పది జతల ఎద్దులను కట్టడం అన్నమాట.

ఇంట్లో కట్టాలంటే కావలసిన సామాను పెద్దదేమీ కాదు. పాత కంప్యూటర్లు, వాటిని కలిపే స్విచ్ అనే చిన్న పెట్టె, నెట్‌వర్క్ తీగలు. తెర, కీబోర్డు ఒక్కదానికి ఉంటే చాలు. ఆ ఒక్కటి మేస్త్రీ, మిగతావి కూలీలు. అన్నింటిలోనూ ఉచితంగా దొరికే లైనక్స్ వేసి, ప్రతిదానికీ ఒక పేరు, ఒక నంబరు ఇవ్వాలి. మేస్త్రీ దగ్గర కూర్చొని ఎస్.ఎస్.హెచ్. అనే ప్రోగ్రాముతో ఏ కూలీనైనా పలకరించవచ్చు. కంప్యూటర్లు తమలో తాము మాట్లాడుకోవాల్సిన పనులకు ఎం.పి.ఐ. అనే పద్ధతి ఉంది. కరెంటు విషయంలో జాగ్రత్త కావాలి. పది యంత్రాలనూ ఒకే ప్లగ్గు పాయింటుకు తగిలిస్తే వైరు కాలుతుంది. ఎర్తింగ్ తప్పనిసరి.

గుంపుకు అప్పగించే పనులు రెండు రకాలు. బుడ్డలు ఒలిచే కూలీలను చూడండి. ఎవరి కుప్ప వారి ముందు ఉంటుంది. పక్కవాళ్లతో పని లేదు. పదిమంది కూర్చుంటే పదింతల పని అవుతుంది. బండలాగుడు పోటీ అట్లా కాదు. జతలోని రెండు ఎద్దులూ ఒకే అడుగు వేయాలి. ఒకటి వెనుకబడితే రెండోది ఆగుతుంది. వాతావరణాన్ని అంచనా వేసే లెక్కలు బండలాగుడు వంటివి. ఒక్కో కంప్యూటరు ఒక్కో ప్రాంతపు గాలిని లెక్కించినా, క్షణక్షణమూ పక్కదాన్ని అడిగి తెలుసుకోవాలి. ఇట్లాంటి పనుల్లో పది కంప్యూటర్లు పెట్టినా పదింతల వేగం రాదని 1967లోనే జీన్ ఆమ్డాల్ అనే శాస్త్రవేత్త చూపాడు. పనిలో పదో వంతు విడదీయరానిదైతే పది యంత్రాలతో వేగం అయిదింతల పైచిలుకు మాత్రమే.

మైనింగ్ బుడ్డలు ఒలిచే రకం. మేస్త్రీ ఒక్కో కంప్యూటరుకు ఒక్కో సంఖ్యల వరుస పంచితే చాలు. దీన్నే ఇంకా పెద్దగా చేసి, ప్రపంచంలో ఎక్కడెక్కడివారో కలిసి తవ్వి, దొరికినదాన్ని చేసిన పనిని బట్టి పంచుకుంటారు. దానికి పూల్ అని పేరు. జొన్నగిరి చేలో పదిమంది ఒప్పందం చేసుకొని వెతికి, ఎవరికి దొరికినా పంచుకున్నట్టు. పూల్‌లో చేరితే రాబడి రోజూ కొంచెం కొంచెంగా వస్తుంది. సగటు రాబడి మాత్రం పెరగదు, పైగా పూల్‌వాళ్ల రుసుము పోతుంది.

లెక్క వేద్దాం

కట్టడం చేతనయింది కదా అని సంతోషించే ముందు కాగితం, పెన్సిలు తీసుకుందాం. లెక్క కోసం ఒక బిట్‌కాయిన్ ధర 80 లక్షల రూపాయలనుకుందాం. ధర ఎక్కుతుంది, దిగుతుంది, దాన్ని పక్కన పెడదాం. 2025లో ప్రపంచంలోని మైనింగ్ యంత్రాల మొత్తం బలం సెకనుకు 1 పక్కన 21 సున్నాలు పెట్టినన్ని ప్రయత్నాలకు చేరింది.

పాత కంప్యూటరు ఒకటి సెకనుకు సుమారు కోటి ప్రయత్నాలు చేస్తుందనుకుంటే, పది కలిసి పది కోట్లు. వినడానికి గొప్పగానే ఉంది. కాని ప్రపంచ బలంలో అది పది లక్షల కోట్లలో ఒక వంతు. సొంతంగా తవ్వితే ఒక పేజీ మనకు దక్కడానికి సగటున 19 కోట్ల సంవత్సరాలు పడుతుంది. అన్నేళ్ల కిందట భూమి మీద రాక్షసబల్లులు తిరుగుతుండేవి.

పూల్‌లో చేరితే? రోజుకు పుట్టే 450 నాణేల్లో మన వంతు లెక్కిస్తే, సతోషి అనే అతిచిన్న ముక్క ఒకటి, అంటే నాణెంలో పది కోట్లవ వంతు, రావడానికి 222 రోజులు పడుతుంది. దాని విలువ 8 పైసలు. యంత్రానికి 100 వాట్ల చొప్పున పది యంత్రాలకు గంటకు ఒక యూనిట్, రోజుకు 24 యూనిట్లు, 222 రోజులకు 5,328 యూనిట్లు. మన రాష్ట్రంలో 2022-23లో నిర్ణయించిన గృహ వినియోగపు రేట్ల ప్రకారం నెలకు 400 యూనిట్లు దాటాక యూనిట్ 9 రూపాయల 75 పైసలు. ఆ లెక్కన సుమారు 52 వేల రూపాయలు కట్టి 8 పైసలు సంపాదిస్తాం.

"బిట్‌కాయిన్ వద్దులే, మామూలు కంప్యూటర్లకు అనువైన నాణెం ఉంది కదా" అంటారు కొందరు. నిజమే, మొనేరో అనేది ఉంది. ఏసిక్ యంత్రాల పెత్తనం సాగకుండా 2019 నవంబరులో దాని సూత్రాన్ని మార్చారు. దానిలోనూ లెక్క వేసి చూద్దాం. నాణెం 25 వేల రూపాయలనుకుంటే, పది పాత కంప్యూటర్లకు రోజుకు రాబడి సుమారు 20 రూపాయలు. 24 యూనిట్ల కరెంటు ఖరీదు సుమారు 230 రూపాయలు. బిట్‌కాయిన్ అంత ఘోరం కాదు గాని, ఇదీ దండగే.

సరే, ఏసిక్ యంత్రమే కొన్నామనుకుందాం. 2023లో ప్రకటించిన ఆంట్‌మైనర్ ఎస్21 సెకనుకు 200 లక్షల కోట్ల ప్రయత్నాలు చేస్తుంది. మన పది కంప్యూటర్ల గుంపులు 20 లక్షలు కలిస్తే ఒక ఎస్21. అది తినే కరెంటు 3,500 వాట్లు, దాదాపు మన 5 హార్స్‌పవర్ బోరు మోటారంత. తేడా ఏమిటంటే ఇది రాత్రింబవళ్లు ఆగకుండా తిరగాలి. రోజుకు రాబడి సుమారు 720 రూపాయలు. కరెంటు 84 యూనిట్లు, ఇంటి రేటే వర్తిస్తుందనుకున్నా 800 రూపాయల పైచిలుకు. నాణెం ధర కోటి దాటితే ఆ కొద్దిపాటి తేడా మన వైపు మొగ్గవచ్చు. కాని ధర పెరిగితే ప్రపంచంలో అందరూ యంత్రాలు పెంచుతారు, రెండు వారాల్లో లెక్క కఠినమవుతుంది. పక్క చేనులో బోరు దిగినట్టే.

పన్ను సంగతి కూడా ఉంది. 2022 ఏప్రిల్ 1 నుంచి మన దేశంలో క్రిప్టో లాభం మీద 30 శాతం పన్ను. నాణేన్ని కొన్న ఖరీదు తప్ప వేరే ఖర్చు తీసివేయనివ్వరు. తవ్విన నాణేనికి యంత్రం ఖరీదు, కరెంటు బిల్లు కూడా కొనుగోలు ఖర్చు కిందికి రావని కేంద్రం అదే సంవత్సరం పార్లమెంటులో స్పష్టం చేసింది. అంటే కరెంటుకు పోయి నష్టమొచ్చినా, అమ్మిన డబ్బు మీద పన్ను కట్టాల్సిందే.

ఉచిత కరెంటు, మండే ఎండ

ఇంత చెప్పినా ఒక మిత్రుడు వదలడు. "మన చేను దగ్గర మోటారుకు కరెంటు ఉచితం కదప్పా, యంత్రాన్ని ఆడ పెడితే సరి" అంటాడు. 2004 మేలో ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి తొలి సంతకంతో వచ్చిన ఆ కరెంటు పైరును బతికించుకోవడానికి ఇచ్చింది. ఒక పనికి ఇచ్చిన కరెంటును మరో పనికి వాడటాన్ని 2003 విద్యుత్ చట్టం 126వ సెక్షన్ అనధికార వినియోగం అంటుంది. రెట్టింపు రేటుతో వసూలు చేస్తారు. చట్టాన్ని అటుంచినా, ఆ కరెంటు ఇరవై నాలుగు గంటలూ ఉండదు. ఒకే ట్రాన్స్‌ఫార్మరు మీద పది మోటార్లు తిరిగే చోట పదకొండోదిగా ఆగని యంత్రం పెడితే, కాలిపోయేది పదిమంది పైర్లకు నీళ్లిచ్చే ట్రాన్స్‌ఫార్మరు.

ఎండ గురించి కర్నూలు, కడప వాళ్లకు వేరే చెప్పాలా? యంత్రం తిన్న కరెంటంతా చివరికి వేడిగానే బయటికి వస్తుంది. ఇది భౌతికశాస్త్ర నియమం, తప్పించుకోలేం. 3,500 వాట్ల యంత్రమంటే మూడున్నర కిలోవాట్ల హీటరు వెలిగించి పెట్టుకున్నట్టే. మే నెలలో బయట 43 డిగ్రీలు కాస్తున్నప్పుడు ఆ గదిని చల్లబరచాలంటే మళ్లీ కరెంటు. అందుకే పెద్ద కంపెనీలు చౌక కరెంటు ఉన్న చోటికి పోతాయి. భూటాన్ ప్రభుత్వ సంస్థ తమ జలవిద్యుత్తుతో తవ్వుతోంది. అమెరికాలో టెక్సాస్‌కు చాలామంది చేరారు. మన గని–శకునాల సౌర విద్యుత్ పార్కు 1,000 మెగావాట్లది. 2015 వేలంలో అక్కడి కరెంటుకు పలికిన ధర యూనిట్ 4 రూపాయల 63 పైసలు. మన కళ్లెదుట పుట్టే ఆ కరెంటు గ్రిడ్డులో కలిసి, తీగలు, స్తంభాలు, నష్టాలు అన్నీ కలుపుకొని మన మీటరు దగ్గరికి వచ్చేసరికి రేటు వేరే. ఇంట్లో కూర్చొని తవ్వేవాడు పోటీ పడుతున్నది తనలో సగం ధరకో, అంతకంటే తక్కువకో కరెంటు కొనేవాళ్లతో. కష్టం పెరిగినప్పుడల్లా మొదట ఎండిపోయేది చిన్నవాడి బోరే.

దేశం దృష్టితో చూసినా ఆలోచించాల్సిందే. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం 2025లో ప్రకటించిన అంచనా ప్రకారం బిట్‌కాయిన్‌కు ఏటా 13,800 కోట్ల యూనిట్లు ఖర్చవుతున్నాయి. మన గని–శకునాల పార్కు లాంటివి సుమారు 60 ఉంటే గాని అంత కరెంటు పుట్టదు.

ఇంకొక హెచ్చరిక. "మీరు యంత్రం కొనక్కర్లేదు, డబ్బు మాకివ్వండి, మేం తవ్వి నెలనెలా ఇస్తాం" అనేవాళ్లు ఉన్నారు. 2015లో మొదలైన గెయిన్ బిట్‌కాయిన్ పథకం 18 నెలల పాటు నెలకు 10 శాతం ఇస్తామని చెప్పి దేశమంతా డబ్బు వసూలు చేసింది. 2025 ఫిబ్రవరిలో కూడా ఆ కేసులో సి.బి.ఐ. దేశంలో 60 చోట్ల సోదాలు చేసింది. తవ్వకం రాబడి రెండు వారాలకొకసారి మారుతుందని తెలిసినవాడు, నెలకు ఖాయంగా ఇంత అని చెప్పేవాడిని నమ్మడు.

గుంపు మాత్రం కట్టాల్సిందే

ఇదంతా చదివి కంప్యూటర్ల గుంపే దండగ అనుకోవద్దు. దండగైనది దానికి అప్పగించిన పని. ఎంత తవ్వినా మొత్తం పెరగని చోట కాక, చేసిన కొద్దీ ఫలితం పెరిగే చోట దాన్ని పెట్టాలి. 2020లో కరోనా వచ్చినప్పుడు ఫోల్డింగ్ ఎట్ హోమ్ అనే పథకంలో ప్రపంచమంతటా లక్షలమంది తమ ఇంటి కంప్యూటర్ల ఖాళీ సమయాన్ని వైరస్ ప్రోటీన్ల పరిశోధనకు ఇచ్చారు. ఆ ఇళ్ల కంప్యూటర్లన్నీ కలిసి అప్పటి ఏ సూపర్ కంప్యూటరునూ మించిపోయాయి. 1996లో మొదలైన మెర్సెన్ ప్రధాన సంఖ్యల అన్వేషణ కూడా ఇట్లాంటిదే. 2024 అక్టోబరులో ఆ పద్ధతిలోనే 4 కోట్ల 10 లక్షల అంకెలకు పైగా ఉన్న ప్రధాన సంఖ్య బయటపడింది.

మనకు ఇంతకంటే దగ్గరి పనులున్నాయి. ఏ మండలంలో ఏ ఏడాది ఎంత వాన పడింది, భూగర్భజలం ఎన్ని మీటర్ల లోతుకు పోయింది అనే లెక్కలు ప్రభుత్వ శాఖలు ఏళ్లుగా రాసి పెడుతున్నాయి. వాటిని కలిపి చూసి, ఏ ఊళ్లో ఇంకొక బోరు వేస్తే నీళ్లు పడే అవకాశం ఎంత అని గణితం చెప్పగలదేమో పరీక్షించవచ్చు. అట్లాంటి లెక్కకు సూపర్ కంప్యూటరు అక్కర్లేదు, పది పాత కంప్యూటర్లు చాలు. రోజంతా తిప్పనక్కర్లేదు, ఆదివారం నాలుగు గంటలు చాలు. ఆ నాలుగు గంటల కరెంటు ఖర్చు 40 రూపాయలు దాటదు. గుంపు కట్టడం నేర్చుకున్న విద్యార్థికి లైనక్స్, నెట్‌వర్కింగ్, సమాంతర గణనం వంటబడతాయి. అవి ఉద్యోగానికీ పనికొస్తాయి, పై చదువుకూ పనికొస్తాయి.

కళాశాలల్లో ఏటా కొన్ని కంప్యూటర్లను పాతవని తీసి మూలకు నెడతారు. వాటిలో పదింటిని విద్యార్థి సంఘానికి ఇప్పిస్తే, సైన్సు విద్యార్థులమే గుంపు కట్టి చూపగలం. సంఘం నాయకులు, అధ్యాపకులు ఈ విషయం ఆలోచించాలని మనవి. ఇక బుడ్డల డబ్బుతో మైనింగ్ యంత్రం కొనాలనుకునే మిత్రులు తమ ఇంటి కరెంటు బిల్లు చేతిలో పట్టుకొని పై లెక్కను ఒక్కసారి వేసి చూడాలి. టెంకాయ పట్టి పాయింటు చూసినవాడి మాట కంటే ఆ బిల్లు మీది అంకె నమ్మదగింది.